ఇంట్లో సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) చేసేవాళ్లకు: డ్రై ఫిల్మ్‌కి ఏ యూవీ లైటు పెట్టుకోవాలి?

మాది భీమవరం. మా ఆయన మోటార్లు వైండింగ్ చేస్తారు, నేను షాపు వెనక గదిలో సర్క్యూట్ బోర్డులు చేస్తాను. ఎక్కువగా రొయ్యల చెరువుల దగ్గర పెట్టే అలారం బోర్డులు. కరెంటు పోయి, నీళ్లలోకి గాలి పంపే ఏరియేటర్లు ఆగిపోతే రైతు ఫోను మోగుతుంది. రాత్రిపూట ఏరియేటర్ ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి పంట మొత్తం పోతుంది. అందుకని బోర్డు పాడైందని ఎవరైనా వస్తే "వారం ఆగండి, ఫ్యాక్టరీ నుంచి వస్తుంది" అనలేను. సాయంత్రానికి చేసి ఇవ్వాలి. ఏడేళ్లుగా కాపర్ బోర్డు మీద డ్రై ఫిల్మ్ (యూవీ పడిన చోట గట్టిపడే పలచటి పొర) అతికించి, దాని మీద ట్రాకుల, అంటే కరెంటు పారే రాగి గీతల, బొమ్మ ఉన్న షీటు, పైన అద్దం పెట్టి, ఇక్కడే యూవీ వెలుగులో ఎక్స్‌పోజ్ చేసి, గట్టిపడని ఫిల్మ్ కడిగేసి, ఇక్కడే ఎచింగ్ (ఫిల్మ్ లేని చోట రాగిని కరిగించడం) చేస్తున్నాను.

నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదట అడిగేది ఒకటే: "అక్కా, ఎన్ని వాట్ల యూవీ లైటు కొనాలి?" వాట్లు తర్వాత చూద్దాం. ముందు మూడు విషయాలు చూసుకోవాలి. ఆ లైటు ఎన్ని నానోమీటర్లది (అంటే దాని తరంగదైర్ఘ్యం ఎంత)? బోర్డు నాలుగు మూలలా సమానంగా పడుతుందా? ఇవాళ ఇచ్చినంత వెలుగు రేపు కూడా ఇస్తుందా? ఈ మూడూ కుదిరితే తక్కువ వాట్ల లైటైనా ఇంకో నిమిషం ఎక్కువ పెడితే సరిపోతుంది. కుదరకపోతే ఎన్ని వాట్లు పెట్టినా ఒక బోర్డు వస్తుంది, రెండోది రాదు.

నానోమీటర్ల సంగతి

మనకి దొరికే నీలం రంగు డ్రై ఫిల్మ్ 365 నానోమీటర్ల దగ్గర బాగా పనిచేస్తుంది. ఆ అంకె ఊరికే రాలేదు. ఫ్యాక్టరీల్లో ముందునుంచీ పాదరసం ఆవిరి దీపాలు వాడారు. పాదరసం గట్టిగా వెలువరించే గీతల్లో 365 ఒకటి, 405 ఇంకొకటి. ఫిల్మ్‌లోని రసాయనాన్ని వాటికి తగ్గట్టే తయారుచేశారు. అందుకే 395, 405 నానోమీటర్ల ఎల్ఈడీలతో కూడా పని జరుగుతుంది, కాకపోతే టైము ఎక్కువ పడుతుంది. 420 దాటితే ఇక ఆశ పెట్టుకోవద్దు. పెళ్లి పందిట్లో కట్టే నీలం, ఊదా రంగు బల్బులు కంటికి "యూవీ"లా కనిపిస్తాయి గానీ, ఫిల్మ్‌ని గట్టిపరిచే వెలుగు వాటిలో ఉండదు.

నీళ్ల ఫిల్టర్లోని యూవీ లాంపు మాత్రం అస్సలు వద్దు. అది 254 నానోమీటర్లది, క్రిములను చంపేది. ఇక్కడ ఇంజినీరింగ్ చదివే ఒకబ్బాయి ఆర్ఓ మిషన్లోని 11 వాట్ల లాంపు విప్పి, టేబుల్ మీద పెట్టి, ఆ పక్కనే కూర్చుని పావుగంట బోర్డు ఎక్స్‌పోజ్ చేశాడు. ఆ పూట ఏమీ తెలియలేదు. రాత్రి పదింటికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, కన్ను తెరవలేకపోయాడు. కళ్ల డాక్టరు మందులిచ్చాక రెండు రోజులకు తగ్గింది. ఇంత బాధపడినా బోర్డు కూడా రాలేదు. ఆ వెలుగు మామూలు అద్దాన్నే దాటదు, అద్దం కిందున్న ఫిల్మ్‌ని ఎలా చేరుతుంది? పాత వీధి దీపాల మెర్క్యురీ బల్బు పైగాజు పగలగొట్టి వాడొచ్చని చెప్పేవాళ్లుంటారు. లోపలి చిన్న గొట్టం నుంచి వచ్చేదాంట్లో ఈ ప్రమాదకరమైన వెలుగు కూడా ఉంటుంది. దాని జోలికి పోవద్దు.

ట్యూబుని కంటితోనే గుర్తుపట్టొచ్చు. గాజు మామూలు గాజుగ్లాసులా పారదర్శకంగా ఉండి లోపలి తీగ కనిపిస్తుంటే అది క్రిములను చంపే ట్యూబు, పక్కన పెట్టేయండి. గాజు లోపల తెల్లటి పొడి పూత ఉండి, వెలిగితే లేత నీలంగా ఉంటే అది బీఎల్ ట్యూబు. మిఠాయి కొట్లలో ఈగలను చంపే మిషన్లో ఉండేది ఇదే. మనకు కావలసిందీ ఇదే. గాజే నల్లగా, ముదురు ఊదాగా ఉంటే బీఎల్‌బీ. దీంతో కూడా పని జరుగుతుంది, కాని కంటికి కనిపించే వెలుగును ఆపడానికే ఆ నల్లగాజు. దానికి అదనంగా డబ్బు పెట్టడం మన పనికి దండగ. ఫిలిప్స్ ట్యూబు మీద వాట్ల పక్కన గీటు పెట్టి 10 అని ఉంటే బీఎల్, 108 అని ఉంటే బీఎల్‌బీ.

మొదటి బోర్డుకి ఎండ చాలు

లైటు కొనకముందు ఒక బోర్డు ఎండలో చేసి చూడండి. పైసా ఖర్చు లేదు. పైగా ఎండకి ఒక గొప్ప గుణముంది: కిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ మాత్రమే. అందుకే గీత అంచు కత్తితో కోసినట్టు వస్తుంది.

ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం మా డాబా మీద 25 సెకన్లు పెడితే చాలు. డిసెంబరులో అదే ఫిల్మ్‌కి 50 పట్టింది. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా మా నెత్తిమీదకి వస్తాడు, డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తు దాటడు. పలచటి మబ్బు అడ్డొస్తే లెక్క మొత్తం మారిపోతుంది.

ఎండలో చేసేటప్పుడు బోర్డుని సూర్యుడికి ఎదురుగా వంచాలి. ఎంత వంచాలో తెలియడానికి అద్దం మీద ఒక పెన్సిలు నిటారుగా నిలబెట్టండి. దాని నీడ పూర్తిగా దాని అడుగునే పడేదాకా ఫ్రేము (బోర్డు, షీటు, అద్దం కలిపి బిగించినది) వంచితే చాలు. ఇంకొక సంగతి, ఆకాశం నీలం నుంచి కూడా చాలా యూవీ వస్తుంది, అదీ అన్ని వైపుల నుంచి. సన్నగీతలు కావాలంటే లోతైన అట్టపెట్టె లోపల నల్లకాగితం అతికించి, దాని అడుగున ఫ్రేము పెట్టండి. అప్పుడు నేరుగా వచ్చే ఎండే పడుతుంది. డాబా ఎక్కేదాకా ఫ్రేము మీద నల్లగుడ్డ తీయకూడదు. గుడ్డ తీసినప్పటి నుంచీ టైము లెక్క. పని అవగానే మళ్లీ కప్పేయండి, ఎండలో రాగి వేడెక్కితే ఫిల్మ్ మెత్తబడి షీటుకి అంటుకుంటుంది.

జూలై వచ్చాక మాకు ఎండ మీద నమ్మకం ఉండదు. అప్పుడే బాక్సు చేసుకున్నాను.

ట్యూబు బాక్సు

8 వాట్ల బీఎల్ ట్యూబులు నాలుగు. ఒక్కోటి సుమారు 30 సెంటీమీటర్లు. ప్లైవుడ్ పెట్టెలో ట్యూబు మధ్య నుంచి ట్యూబు మధ్యకి నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో వరసగా బిగించి, వాటికి 7 సెంటీమీటర్ల ఎత్తున అద్దం పెట్టాను. ట్యూబుల మధ్య ఉన్న దూరం కంటే అద్దానికి ఉన్న దూరం ఎక్కువుండాలి. అలా లేకపోతే ట్యూబుకి సరిగ్గా పైన ఉన్న గీతలు గట్టిపడి, రెండు ట్యూబుల మధ్యవి కడిగేటప్పుడు పోతాయి. బోర్డు మీద చారలు చారలుగా వచ్చిందంటే కారణం ఇదే.

పెట్టె లోపల వెలుగు బాగా వస్తుందని తెల్ల పెయింటు వేయకండి. తెల్ల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడ్ కంటికి తెల్లగానే ఉన్నా యూవీని పీల్చేసుకుంటుంది. వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ అతికించండి. అల్యూమినియం యూవీని బాగా తిప్పికొడుతుంది.

ట్యూబు వెలిగించిన వెంటనే పూర్తి బలం రాదు. నేను మూడు నిమిషాలు ముందుగా వెలిగించి, అద్దం కింద ఒక అట్టముక్క అడ్డంగా దోపి ఉంచుతాను. ఫ్రేము పెట్టాక అట్ట లాగేస్తే టైము మొదలు. మూత తెరిస్తే కరెంటు ఆగిపోయేలా ఒక లిమిట్ స్విచ్ పెట్టడం మరవొద్దు. ఇంట్లో పిల్లలుంటే అది తప్పనిసరి.

మా వీధి చివర మిఠాయి కొట్టు పెద్దాయన ఏటా ఈగల మిషన్ ట్యూబులు మారుస్తారు. "కాలిపోలేదమ్మా, వెలుగుతున్నాయి, తీసుకెళ్లు" అని పాతవి నాకిచ్చారు. 15 వాట్లవి, పొడుగువి. పెద్ద పెట్టె చేసి సంతోషంగా బిగించాను. కొత్త ట్యూబుతో 70 సెకన్లు పట్టే బోర్డు వాటితో రెండున్నర నిమిషాలు పెట్టినా సరిగా గట్టిపడలేదు. వెలుగు మాత్రం కంటికి కొత్తదానిలాగే ఉంది! లోపలి పొడి పూత అరిగేకొద్దీ యూవీ తగ్గిపోతుంది, కనిపించే నీలం మాత్రం అలాగే ఉంటుంది. ఈగల మిషన్ వాళ్లు వెలుగుతున్న ట్యూబుని ఏటా మార్చమని చెప్పేది అందుకే. పాత ట్యూబులు ఉచితంగా వచ్చినా బాక్సుకి పెట్టకండి. పారేసేటప్పుడు పగలగొట్టొద్దు, లోపల పాదరసం ఉంటుంది.

ఎల్ఈడీలు

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఎల్ఈడీలే. బీఎల్ ట్యూబు కావాలంటే షాపువాడు తెప్పించేదాకా ఎదురుచూడాలి. 5 మిల్లీమీటర్ల 395 నానోమీటర్ల ఎల్ఈడీలు హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో వంద ఒకేసారి తెచ్చుకున్నాను. వేడెక్కే టైము అక్కర్లేదు, పాదరసం లేదు, నొక్కితే వెలుగు.

12 వోల్ట్‌ల అడాప్టర్ మీద మూడేసి ఎల్ఈడీలు వరసగా, ఒక్కో వరసకి 120 ఓమ్‌ల రెసిస్టర్. ఒక్కోటి 3.3 వోల్ట్‌లు తీసుకుంటే మూడింటికి 9.9, మిగిలిన 2.1 వోల్ట్‌లు రెసిస్టర్ మీద పడి 17, 18 మిల్లీయాంప్‌లు పారుతుంది. 33 వరసలకి దాదాపు 0.6 యాంప్. ఒక యాంప్ అడాప్టర్ చాలు. రెసిస్టర్ లేకుండా నేరుగా కలిపితే వారంలోనే కొన్ని మసకబారి వెలుగు ఎగుడుదిగుడు అవుతుంది.

ఎల్ఈడీలతో అసలు చిక్కు ఏంటంటే, ఒక్కోటి టార్చిలైటులా చిన్న వృత్తం వేస్తుంది. మొదటిసారి నేను బోర్డుని 5 సెంటీమీటర్ల దూరంలో పెట్టాను. కడిగాక చూస్తే వృత్తాలున్న చోట ఫిల్మ్ ఉంది, మధ్యలో చుక్కలు చుక్కలుగా రాగి బయటపడింది. అప్పటినుంచి బోర్డు పెట్టకముందే ఇలా చూస్తున్నాను. అద్దం మీద తెల్ల ఏ4 కాగితం పరిచి, గదిలో లైటు ఆపి, ఎల్ఈడీలు వెలిగిస్తాను. కాగితంలో తెల్లదనం కోసం కలిపే పదార్థం యూవీ తగిలితే నీలంగా మెరుస్తుంది. ఫోనుతో ఫోటో తీసి, ఆ ఫోటో వెలుగు బాగా తగ్గించి చూస్తే ఎక్కడ ఎక్కువ పడుతోందో, ఎక్కడ తక్కువో కనిపిస్తుంది. వృత్తాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయేదాకా ఎత్తు పెంచుకుంటూ పోవాలి. నా బాక్సులో అది 14 సెంటీమీటర్ల దగ్గర కుదిరింది. టైము మూడున్నర నిమిషాలు.

అమ్మేవాళ్లు 365 అని రాసినవన్నీ 365 కావు. ఒకసారి ఆన్‌లైన్‌లో 365 అని ఎక్కువ ధర పెట్టి తెప్పించాను, వచ్చినవి 395. తేడా తెలుసుకోవాలంటే వెలుగుని నేరుగా చూడకుండా స్టీలు పళ్లెం మీద పడేలా చేసి చూడండి. 395 అయితే ఊదారంగు స్పష్టంగా కనిపిస్తుంది. 365 అయితే ఏదో బూడిదరంగు నీలం మసకగా ఉంటుంది, కంటికి దాదాపు ఏమీ ఉండదు. కొందరు నోటు మీద నంబరు మెరిస్తే అసలు యూవీ అంటారు. నోటు 395 కింద కూడా మెరుస్తుంది, ఆ పరీక్షతో ఇది తేలదు. మసకగా ఉంది కదా అని కళ్లు దగ్గర పెట్టకండి, మసకగా ఉన్నదే ఎక్కువ ప్రమాదం.

సన్నటి ఎస్ఎండీ (బోర్డు పైనే అతికించే చిన్న భాగాల) పనికి ఇంకో దారుంది. 365 నానోమీటర్ల 10 వాట్ల చిప్ ఒక్కటే తీసుకుని, వేడిని లాగేసే హీట్‌సింక్ మీద బిగించి, దానికి తగిన, కరెంటు మారకుండా ఇచ్చే కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ పెట్టి, 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వేయడం. చిన్న చుక్క నుంచి, దూరం నుంచి వచ్చే వెలుగు కాబట్టి ఎండలాగే దాదాపు సమాంతరంగా పడుతుంది. మధ్య నుంచి 10 సెంటీమీటర్లు పక్కకి వెళ్తే వెలుగు 10, 12 శాతమే తగ్గుతుంది, అది ఫిల్మ్ తట్టుకుంటుంది. టైము మాత్రం పెరుగుతుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది మరి. నేను 0.25 మిల్లీమీటర్ల ట్రాకులున్న బోర్డులు దీని కిందే చేస్తాను.

గోళ్లరంగు ఆరబెట్టే లాంపు గురించి కూడా అడుగుతారు. 9 వాట్ల యూ ఆకారపు ట్యూబులు నాలుగున్న పాత రకం అరచేతి సైజు బోర్డుకి బాగానే పనికొస్తుంది, పక్క ట్యూబులు తీసేసి పైవి మాత్రమే ఉంచుకుంటే. పక్క నుంచి పడే వెలుగు గీత కిందకి దూరుతుంది. కొత్త ఎల్ఈడీ రకంలో లైట్లు అన్ని దిక్కులా చూస్తుంటాయి, నాకు నచ్చలేదు.

షీటు, అద్దం

లైటు ఎంత మంచిదైనా ఇక్కడ తప్పు చేస్తే పోతుంది. ట్రాకుల బొమ్మ ప్రింటు తీసే పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు మందం సుమారు 0.1 మిల్లీమీటరు. ప్రింటు పైవైపు ఉండి, వెలుగు 45 డిగ్రీల వాలుగా పడితే, ప్లాస్టిక్‌లో కాంతి కాస్త వంగినా కూడా గీత అంచు 50 మైక్రాన్ల దాకా జరిగిపోతుంది. రెండు వైపులా కలిపి 0.1 మిల్లీమీటరు. 0.25 ట్రాకులో అది చాలా ఎక్కువ. అందుకే అద్దంలో చూసినట్టు తిరగేసి ప్రింటు తీయించి, టోనర్ ఉన్న వైపు ఫిల్మ్‌కి తగిలేలా పెట్టాలి. ట్యూబులు, ఎల్ఈడీ పలకలకి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం, వాటి వెలుగు అన్ని కోణాల్లో వస్తుంది కాబట్టి. జెరాక్స్ షాపు లేజర్ ప్రింటులో నలుపు పలచగా ఉంటే రెండు షీట్లు సరిగ్గా ఒకదాని మీద ఒకటి పెట్టి అంచున టేపు వేయండి. డ్రై ఫిల్మ్‌కి ట్రాకులు పారదర్శకంగా, మిగతాదంతా నల్లగా ఉండాలన్నది గుర్తుంచుకోండి. వెలుగు పడిన చోటే ఫిల్మ్ మిగులుతుంది.

అద్దం మామూలు 4 మిల్లీమీటర్ల కిటికీ అద్దం చాలు, 365 బాగానే దాటుతుంది. నేను ఒకసారి బజారులో ఫోటో ఫ్రేము కొని, అందులో ఉన్నది అద్దమే అనుకుని బిగించాను. ఒక మధ్యాహ్నమంతా బోర్డు మీద బోర్డు పాడైంది. గోటితో గీస్తే గీత పడింది, అది యాక్రిలిక్. చాలా యాక్రిలిక్ షీట్లలో ఎండకి పాడవకుండా యూవీని పీల్చే పదార్థం కలుపుతారు. పాలీకార్బొనేట్ కూడా అంతే. రంగు అద్దం, కారు ముందు అద్దం కూడా వద్దు. నాలుగు వైపులా బైండర్ క్లిప్పులతో గట్టిగా నొక్కితే షీటుకీ ఫిల్మ్‌కీ మధ్య గాలి ఉండదు.

మీ లైటుకి మీ టైము

పైన నేను చెప్పిన సెకన్లు నా బాక్సువి. మీవి మీరే కనుక్కోవాలి, దానికి ఒక్క బోర్డు ముక్క చాలు. 3 సెంటీమీటర్ల వెడల్పు, 12 పొడుగు ముక్క మీద ఫిల్మ్ అతికించండి. గదిలో మామూలు తెల్ల ఎల్ఈడీ బల్బు ఉంటే పని చేసుకోవచ్చు, దాని మీద పసుపు జిలెటిన్ కాగితం చుడితే ఇంకా నయం. కిటికీ నుంచి వచ్చే పగటి వెలుగే అసలు శత్రువు, తెర వేయండి. షీటు మీద రకరకాల మందం గీతలు, పక్కపక్కనే సన్న ఖాళీలు ఉన్న ఒక బొమ్మ ప్రింటు తీసి పెట్టండి. మొదట ముక్క మొత్తానికి 20 సెకన్లు. తర్వాత రెండు సెంటీమీటర్లు అట్టతో కప్పి ఇంకో 20. అలా జరుపుకుంటూ పోతే ఆరు మెట్లు వస్తాయి: 20, 40, 60, 80, 100, 120. ఎల్ఈడీలైతే మెట్టుకి 45 సెకన్లు పెట్టండి.

వెలుగు పడిన చోట ఫిల్మ్ లేతనీలం నుంచి ముదురు ఊదాకి మారడం కనిపిస్తుంది. పావుగంట ఆగి, పైనున్న పలచటి ప్లాస్టిక్ పొర లాగేసి, లీటరు నీళ్లలో 10 గ్రాముల చాకలి సోడా కలిపి మెత్తటి బ్రష్‌తో కడగండి. వంట సోడా వేరు, దాంతో కాదు. నీళ్లు 30 డిగ్రీల వేడి ఉంటే చాలు, మాకు వేసవిలో కుళాయి నీళ్లే అంత ఉంటాయి.

ఇప్పుడు ముక్కని వెలుగులో పట్టుకుని దగ్గరగా చూడండి. తక్కువ టైము ఉన్న వైపు సన్నగీతలు ఊడిపోయి ఉంటాయి, మిగిలినవి జిగటగా, అంచులు నలిగినట్టు ఉంటాయి. ఎక్కువ టైము ఉన్న వైపు గీతలన్నీ ఉంటాయి గానీ వాటి మధ్య సన్న ఖాళీల్లో పలచటి నీలం పొర మిగిలిపోయి రాగి కనిపించదు. ఆ పొర మీద ఫెర్రిక్ క్లోరైడ్ (ఎచింగ్‌లో రాగిని కరిగించేది) పనిచేయదు, రెండు ట్రాకులు కలిసిపోతాయి. మధ్యలో ఒకటో రెండో మెట్లు ఉంటాయి, అక్కడ సన్నగీతా నిలబడుతుంది, సన్నఖాళీలో రాగి కూడా తళతళమంటుంది. అదే మీ టైము. రెండు మెట్లు బాగుంటే వాటిలో ఎక్కువది తీసుకోండి, అరిగిన ట్యూబుకీ, కాస్త పలచటి ప్రింటుకీ అది ఆసరా.

నా బాక్సు మూత లోపలివైపు పెన్సిలుతో రాసుకుంటాను: తేదీ, ఫిల్మ్ ఏ రోల్‌ది, ఒక షీటా రెండు షీట్లా, ఎన్ని సెకన్లు. కొత్త రోల్ తెరిచినప్పుడు, ట్యూబు మార్చినప్పుడు, వానాకాలం మొదలయ్యాక ఒకసారి ఈ ముక్క మళ్లీ చేస్తాను. అరగంట పని.